పోటీ పరీక్షల ప్రత్యేకం: కూల్చామన్నవి ఎన్ని, కూలినవి ఎన్ని?

ముందుగా వాయుసేనపై రెండు స్థానిక బిట్లు. పాత ప్రకాశం జిల్లా కొరిశపాడు–రేణంగివరం మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే ఉంది. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ విమానాలు ఇక్కడ దిగాయి. సుఖోయ్-30, హాక్‌లు మాత్రం నేలను తాకకుండా దూసుకెళ్లాయి. ఈ తేడాను బిట్‌గా అడగొచ్చు. పాత గుంటూరు జిల్లా బాపట్ల దగ్గరి సూర్యలంకలో వాయుసేన క్షిపణి ప్రయోగ కేంద్రం ఉంది.

ఇక అసలు అంశం: యుద్ధంలో కూల్చామన్న విమానాల లెక్కకూ, నిజంగా కూలిన వాటికీ తేడా. 1940 సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డుల్లో తేలినవి సుమారు 60. ఇది అబద్ధమనలేం. ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు పైలట్లు కాల్చి, ఎవరికి వారే ఖాతాలో రాసుకుంటారు. పొగ కక్కుతూ మబ్బుల్లోకి జారింది కూలినట్టే కనిపిస్తుంది.

మన ఉదాహరణ బొయ్‌రా గగనపోరు. 1971 నవంబరు 22న మన నాట్ యుద్ధ విమానాలు మూడు పాక్ సేబర్ జెట్లను కూల్చాయన్నారు. కూలినవి రెండు. దెబ్బతిన్న మూడోది ఢాకాలోని తేజ్‌గావ్ స్థావరం చేరింది. మనకు పట్టుబడిన పాక్ పైలట్ పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాత పాక్ వాయుసేనాధిపతి అయ్యాడు!

తక్కువ లెక్కా పడుతుంది. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధాపై దాడిలో పాక్ స్టార్‌ఫైటర్ యుద్ధ విమానాన్ని కూల్చి అమరుడైన స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య విజయం ఏళ్ల తరబడి లెక్కలోకి రాలేదు; ఆయనకు మహావీర్ చక్ర 1988లో గానీ దక్కలేదు.

మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) బరువు కాటా మీద తేలాల్సిందే. ఇక్కడ కాటా అంటే శకలాలు, ఇంజిన్ నంబరు, గన్ కెమెరా ఫిల్ము, బందీ అయిన పైలట్, అన్నిటికన్నా ముఖ్యంగా నష్టపోయిన దేశపు సొంత రికార్డు.