తూటా కొరికితే తెలుగులో ఏమవుతుంది?

నేను ఫస్టియర్లో ఉండగా తాతయ్యను మోకాళ్ళ నొప్పికి బెంగళూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారికి తెలుగు రాదు. తాతయ్యకి ఇంగ్లీషు రాదు. నాన్నకి వచ్చిన ఇంగ్లీషు బ్యాంకు ఫారాల వరకే. కాబట్టి దుబాసీ పని నాకు పడింది. ఇంజనీరింగ్ చదివే మనవడు పక్కనుండగా భయమేంటని తాతయ్య ధీమా.

ఎక్స్‌రే చూసి డాక్టరుగారు గబగబా రెండు నిమిషాలు మాట్లాడారు. ఆ వేగానికి నాకు సగమే అందింది. చివర్లో ఫైలు మూస్తూ, "ఐ థింక్ ఇట్స్ టైమ్ టు బైట్ ద బుల్లెట్" అన్నారు. హమ్మయ్య, ఇది నాకు తెలిసిన మాటే! నొప్పికి తట్టుకోవడానికి సైనికులు తూటా కొరికిపట్టేవారని ఎక్కడో చదివాను. వెంటనే, "పంటి బిగువున ఓర్చుకోవాలంటున్నారు తాతయ్యా" అని చెప్పేశాను. "ఓర్చుకోక చేసేదేముందిరా" అంటూ తాతయ్య లేచారు. మందులు కొనుక్కుని ఇంటికొచ్చేశాం.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ వెళ్తే డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. ఆపరేషన్‌కి తేదీ తీసుకుంటారనుకున్నాను, ఏమైపోయారని అడిగారు. ఫైల్లో 'టి.కె.ఆర్.' అని మూడక్షరాలు ఉన్నాయి. అంటే మోకాలి మార్పిడి. మేమెవరం అది పట్టించుకోలేదు. ఆయన అన్నది, "ఇంక వాయిదా వెయ్యకుండా తెగించి ఆపరేషన్ చేయించుకోండి" అని. నేను చెప్పింది దానికి తలకిందులు. ఆ నాలుగు నెలలూ తాతయ్య మెట్లు దిగలేక మేడ మీద గదిలోనే ఉండిపోయారు.

అప్పటినుంచి సైన్యం నుంచి వచ్చిన ఇంగ్లీషు నుడికారాలు ఎక్కడ కనబడినా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. వాటిలో ఐదింటిని, నేను చేసిన తప్పులతో సహా, మీ ముందు పెడుతున్నా.

1. బైట్ ద బుల్లెట్

మత్తుమందు లేని రోజుల్లో ఆపరేషన్ బల్ల మీద సైనికుడి పళ్ళ మధ్య తూటా పెట్టేవారన్న కథ అందరూ చెప్తారు. కానీ ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన కూర్చిన వాడుక మాటల నిఘంటువు 1796 కూర్పులో ఇంకో సంగతి ఉంది. బ్రిటిష్ సైనికుడికి కొరడా దెబ్బలు శిక్షగా పడితే, అరవకుండా ఉండటం పరువు సమస్య. అందుకోసం తూటా నములుతూ నిలబడేవాడట. రెండు కథల్లోనూ అర్థం ఒకటే: ఓర్చుకోవడం.

మరి నా అనువాదం తప్పెలా అయింది? 1796 నాటి సైనికుడికైతే అది సరైన అనువాదమే! ఈ రెండు వందల ఏళ్ళలో మాట జరిగిపోయింది. ఇవాళ దాని అర్థం "ఇష్టం లేకపోయినా తప్పని పనిని ఇక చేసెయ్యడం". బరువు ఓర్పు మీద నుంచి నిర్ణయం మీదకి వచ్చింది. కాబట్టి తెలుగులో "తెగించి", "గుండె రాయి చేసుకుని", "ఎలాగూ తప్పదు కాబట్టి" లాంటివి కావాలి. "పంటి బిగువున" అంటే వినేవాడు కదలకుండా కూర్చుంటాడు. మా తాతయ్య కూర్చున్నట్టు.

2. డెడ్‌లైన్

సబ్మిషన్ల పుణ్యమా అని మనందరికీ చుట్టం ఈ మాట. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్‌లో దక్షిణాది సైన్యం ఒక ఖైదీల శిబిరం తెరిచింది. పెద్ద దుంగల గోడకు సుమారు 19 అడుగుల లోపల ఒక చిన్న కంచె కట్టారు. దాన్ని దాటితే పైనున్న కాపలావాడు కాల్చేస్తాడు. దాని పేరే 'డెడ్ లైన్'. ఆ శిబిరంలో ఉంచిన సుమారు 45,000 మందిలో 13,000 మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది రోగాలతో, తిండి లేక. యుద్ధం అయ్యాక శిబిరాధికారి హెన్రీ విర్జ్‌ని 1865లో ఉరితీశారు. తర్వాత 20వ శతాబ్దం మొదట్లో అమెరికా పత్రికాఫీసుల్లో ఈ మాట ప్రాణాలు తీయడం మానేసి వార్తలు ఆపడం మొదలుపెట్టింది.

మన మాట "గడువు". గమనించారా, గడువును ఒకరు "ఇస్తారు", అడిగితే "పొడిగిస్తారు". డెడ్‌లైన్ దాటకూడని గీత, గడువు మనకు దొరికిన కాలం. రెండూ ఒకే తేదీని చెప్తాయి కానీ వేడి వేరు. మామూలు నోటీసుకి "గడువు" చాలు. బెదిరింపు కూడా వినబడాలంటే "ఇదే ఆఖరి గడువు" అనాలి. గీత ఉంది కదా అని "లక్ష్మణరేఖ" వాడితే చిక్కే. అది హద్దుకి సంబంధించింది, తేదీకి కాదు.

3. ఫ్లాష్ ఇన్ ద పాన్

దీన్ని "పెనంలో మెరుపు" అని రాసి మా సీనియర్ల చేత చీవాట్లు తిన్నాను. ఈ పాన్ వంటింటిది కాదు. పాత చెకుముకి తుపాకుల్లో పక్కన చిన్న గిన్నె ఉంటుంది, అందులో చిటికెడు మందు. ట్రిగ్గర్ నొక్కితే రాయి రాసుకుని నిప్పురవ్వ ఆ మందు మీద పడుతుంది. ఆ మంట సన్నటి రంధ్రం గుండా గొట్టంలోకి వెళ్ళి అసలు మందును అంటించాలి. ఒక్కోసారి బయట భగ్గుమని ఊరుకుంటుంది, లోపల గుండు కదలదు.

నాకు మొదట తట్టింది "ఆరంభశూరత్వం". కానీ అందులో మొదలుపెట్టి వదిలేసినవాడి మీద నింద ఉంది. మొదటి మ్యాచ్‌లో సెంచరీ కొట్టి తర్వాత మళ్ళీ ఆడలేకపోయిన కుర్రాడు వదిలెయ్యలేదు కదా! అతని వెలుగు "మూణ్ణాళ్ళ ముచ్చట" అయింది, లేదా "తాటాకు మంట" అయింది. రెండోదాంట్లో ఆ భగ్గుమనడం కూడా దక్కింది.

అదే తుపాకి నుంచి వచ్చిందే "లాక్, స్టాక్ అండ్ బ్యారెల్". పేల్చే యంత్రం, భుజానికి ఆనించే చెక్క, గొట్టం: మూడూ కలిస్తే మొత్తం తుపాకి. కంపెనీని అలా అమ్మేస్తే "గుండుగుత్తగా" అమ్మేసినట్టు. హాస్టల్ గదిని అలా ఖాళీ చేస్తే "తట్టాబుట్టా సర్దుకుని" పోయినట్టు. ఇంగ్లీషులో ఒకటే, తెలుగులో రెండు. ఏది కావాలో సందర్భమే చెప్తుంది.

4. టర్న్ ఎ బ్లైండ్ ఐ

1801 ఏప్రిల్ 2, కోపెన్‌హేగన్ నౌకాయుద్ధం. పోరు ఆపమని పై అధికారి హైడ్ పార్కర్ జెండాలతో సైగ చేశాడు. నెల్సన్‌కి అంతకుముందే, 1794లో, కుడికన్ను చూపు పోయింది. ఆయన దుర్భిణిని ఆ కంటికి పెట్టుకుని, నాకే సైగా కనబడటం లేదన్నాడని కథ.

ఇక్కడ కిటుకంతా "కావాలని" అన్నదాంట్లో ఉంది. "అధికారులు గుడ్డివాళ్ళయ్యారు" అని రాస్తే పాపం వాళ్ళకి తెలీదేమో అనిపిస్తుంది. "చూసీ చూడనట్టు వదిలేశారు" అంటే తెలిసే చేశారని తేలుతుంది. అయితే ఇది అల్లరి పిల్లాణ్ణి వదిలేసే అమ్మకీ సరిపోయేంత మెత్తటి మాట. ర్యాగింగ్ లాంటి విషయమైతే "కళ్ళుండీ చూడనట్టు నటించారు" అని గట్టిగానే అనాలి.

5. పిరిక్ విక్టరీ

క్రీ.పూ. 279లో ఆస్కులం దగ్గర ఎపిరస్ రాజు పిర్రస్ రోమన్ల మీద గెలిచాడు. కానీ తన సైన్యంలో నష్టం చూసుకుని, ఇలాంటి గెలుపు ఇంకొకటొస్తే మనం సర్వనాశనమే అన్నాడట. మనకి దీనికోసం గ్రీసు దాకా వెళ్ళే పని లేదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన పల్లెల్లో సామెత ఉండనే ఉంది. యుద్ధం పోయి కోర్టు వచ్చింది, అర్థం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక నేను నేర్చుకున్నది. నుడికారం ఎదురైతే మూడు ప్రశ్నలు వేసుకోండి. అది ఏ బొమ్మ చూపిస్తోంది? ఇవాళ దాన్ని ఎందుకు వాడుతున్నారు? విన్నవాళ్ళు ఏం చెయ్యాలని? చరిత్ర మొదటి ప్రశ్నకే జవాబిస్తుంది. నేను అక్కడే ఆగిపోయాను. మూడో ప్రశ్న వేసుకుని ఉంటే, "అంటే మేమిప్పుడు ఏం చెయ్యాలి సార్?" అని డాక్టరుగారినే అడిగేవాణ్ణి. తెలీనప్పుడు అడగడం కూడా దుబాసీ పనిలో భాగమే.

తాతయ్యకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు పొద్దున్నే నడకకి వెళ్తున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా, "ఏరా, ఇవాళ ఏం కొరకమంటావ్?" అని అడుగుతారు. నవ్వుతాను కానీ, మేడ మీద గది గుర్తొస్తుంది.

మీకు చిన్న హోమ్‌వర్క్: "హోల్డ్ ద ఫోర్ట్", "క్లోజ్ ర్యాంక్స్", "అప్ ఇన్ ఆర్మ్స్". ఒక్కోదానికి ఒక వాక్యం రాసి, దాన్ని తెలుగు చేసి క్లబ్‌కి పంపండి. గడువు వచ్చే సంచిక వరకు. అడిగితే పొడిగిస్తాం!