రిజర్వు బ్యాంకు – రైతు అప్పు

విత్తనము, ఎరువు అదనులో వేసిననే పంట దక్కును. అదనుకు చేతిలో డబ్బు లేనియెడల మేలురకపు విత్తనము బజారులో ఎంత ఉన్నను రైతుకు ప్రయోజనము లేదు. ఆ డబ్బు ఎవరివద్ద, ఎంత వడ్డీకి దొరకుననునది మన దేశపు కేంద్ర బ్యాంకైన రిజర్వు బ్యాంకుపై చాలవరకు ఆధారపడియున్నది. రైతు ఆ బ్యాంకు గడప తొక్కడు. అయినను అతని చేతిలోని నూరు రూపాయల నోటుపై దాని గవర్నరు సంతకము ఉండును.

బ్యాంకు పుట్టుక

హిల్టన్ యంగ్ కమిషను 1926లో ఇట్టి బ్యాంకు అవసరమని సిఫారసు చేసినది. 1934లో చట్టమైనది. 1935 ఏప్రిల్ 1న 5 కోట్ల రూపాయల వాటా ధనముతో బ్యాంకు పని ప్రారంభించినది. అప్పుడు వాటాలు ప్రైవేటువారివి. 1949 జనవరి 1న ప్రభుత్వపరమైనది.

నోట్లు జారీచేయుట, ప్రభుత్వపు సొమ్ము చూచుట, ఇతర బ్యాంకులపై అజమాయిషీ, ధరలు మితిమీరకుండ వడ్డీ రేటును సవరించుట దీని ముఖ్యమైన పనులు. బ్యాంకులకు అప్పిచ్చు బ్యాంకు కూడ ఇదియే.

వ్యవసాయమునకు చేసినదేమి?

వ్యవసాయ పరపతికి ప్రత్యేక శాఖ ఉండవలెనని 1934 నాటి చట్టములోనే కలదు. అయినను పల్లెలకు చేరినది స్వల్పము. రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ పరపతి సర్వే నివేదిక 1954లో వెలువడినది. రైతుల అప్పులో సుమారు 70 శాతము వడ్డీ వ్యాపారులదని, సహకార సంఘములది 3 శాతము మాత్రమేనని తేలినది. ఆ సర్వే సిఫారసు ననుసరించియే 1955 జులై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారినది. బావులు, భూమి బాగుచేత వంటి దీర్ఘకాలపు పనులకై 1963లో వ్యవసాయ రీఫైనాన్సు కార్పొరేషను ఏర్పడినది. 1982 జులై 12 నుండి ఈ బాధ్యతలను నాబార్డు వహించుచున్నది.

సహకార పరపతి కాలువ నీటి వంటిది. నాబార్డు నుండి రాష్ట్ర సహకార బ్యాంకుకు, అచ్చటినుండి జిల్లా బ్యాంకుకు, తరువాత గ్రామ సొసైటీకి, చివరకు రైతుకు డబ్బు పారును. పిల్లకాలువ పూడినచో చివరి చేనికి నీరందదు. అట్లే సొసైటీలో బకాయిలు పేరుకొనినచో పైనుండి వచ్చు డబ్బు తగ్గి, సకాలములో చెల్లించిన పొరుగు రైతుకు కూడ అప్పు పుట్టదు.

లెక్క చూడుడు

50,000 రూపాయలను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఏడాదికి వడ్డీయే 12,000 రూపాయలు. 2025–26లో 3 లక్షల లోపు పంట అప్పుకు వడ్డీ 7 శాతము, అనగా 3,500 రూపాయలు. గడువులోపల చెల్లించినవారికి 3 శాతము తగ్గింపు పోగా 2,000 రూపాయలే. మిగులు 10,000 రూపాయలు రైతుదే.

రైతులు గమనించవలసినవి

1. బ్యాంకులు తామిచ్చు మొత్తము అప్పులలో 18 శాతము వ్యవసాయమునకు ఈయవలెనని రిజర్వు బ్యాంకు నియమము. కనుక పంట అప్పు అడుగుట మొగమాటపడవలసిన విషయము కాదు.

2. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయపు అప్పుకు తాకట్టు అక్కరలేదు.

3. 1998లో ప్రారంభమైన కిసాన్ క్రెడిట్ కార్డును సీజనుకు ముందే పొందుడు. వాన పడిన పిదప తిరిగినచో అదను దాటును.

4. కౌలుదారులు ఉమ్మడి పూచీ బృందముగా చేరియు అప్పు పొందవచ్చును.

5. బ్యాంకుపై ఫిర్యాదును ముందుగా ఆ బ్యాంకుకే వ్రాసి ఇచ్చి, రసీదు తీసుకొనుడు. 30 దినములలో జవాబు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా వ్రాసుకొనవచ్చును.

పంటకై తెచ్చిన అప్పును పంటకే వాడి, పంట అమ్మగానే మొదట దానిని తీర్చుడు. మరుసటి అదనుకు డబ్బు సిద్ధముగా ఉండుటకు ఇదియే మార్గము.