గ్రహగతి - మానవగతి

కాలమును లెక్కించుట ఒకటి. కాలమునకు భయపడుట మఱియొకటి. ఈ రెండును జ్యోతిషమను ఒక్క పేరుతోనే మన సమాజమున చెలామణి యగుచున్నవి. ఏది గ్రహింపదగినదో, ఏది విడువదగినదో సాధకుడు తెలిసికొనవలెనన్నచో ముందుగా ఆ శాస్త్రము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట అవసరము.

జ్యోతిషము వేదాంగములు ఆరింటిలో ఒకటి. యజ్ఞములకు తగిన కాలమును నిర్ణయించుటకై అది ఏర్పడినది. తరువాతి కాలమున మూడు స్కంధములుగా విస్తరించినది. గ్రహముల గతులను గణితముచే తెలుపునది సిద్ధాంతము. ఆ గతులను బట్టి వర్షములు, పంటలు, ధరలు, యుద్ధములు మొదలగు లోకవిషయములను చెప్పునది సంహిత. జన్మకాలమును బట్టి ఒక్కొక్క మనుష్యుని బ్రతుకును చెప్పునది హోర. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు మూడింటియందును గ్రంథములు రచించెను. పంచసిద్ధాంతిక మొదటిదానికి, బృహత్సంహిత రెండవదానికి, బృహజ్జాతకము మూడవదానికి చెందినవి.

వ్యక్తి జీవితమునకు అన్వయము

ఆకాశచక్రమును 360 భాగలుగా తలచి, దానిని 30 భాగల చొప్పున 12 రాశులుగను, 13 భాగల 20 కళల చొప్పున 27 నక్షత్రములుగను విభజించిరి. శిశువు జన్మించినపుడు తూర్పున ఉదయించు రాశి లగ్నము. చంద్రుడున్న నక్షత్రము జన్మనక్షత్రము. లగ్నము మొదలు 12 భావములకు తనువు, ధనము, సోదరులు మొదలగు విషయములను కేటాయించిరి. జన్మనక్షత్రమును బట్టి 120 సంవత్సరముల దశలు నడుచునని చెప్పుదురు. అశ్వినిలో పుట్టినవానికి కేతుదశతో ఆరంభము. దాని పరిమాణము 7 ఏండ్లు. తరువాత శుక్రదశ 20 ఏండ్లు.

పుట్టిననాటి స్థితి యిది. ఇక నడుచుచున్న గ్రహముల స్థితిని గోచారమందురు. శని రాశిచక్రమును ఒకసారి చుట్టివచ్చుటకు సుమారు 29 1/2 సంవత్సరములు పట్టును. అనగా ఒక్కొక్క రాశిలో ఇంచుమించు రెండున్నర ఏండ్లు. జన్మరాశికి 12, 1, 2 స్థానములలో అతడు సంచరించు ఏడున్నర ఏండ్లే ఏలినాటి శని.

లోకవిషయములకు అన్వయము

ఉగాదినాడు పంచాంగశ్రవణము వినని తెలుగు గ్రామము అరుదు. ఆ సంవత్సరమునకు రాజెవరు, మంత్రి యెవరు, మేఘాధిపతి యెవరు అని సిద్ధాంతిగారు చదువుదురు. చైత్ర శుద్ధ పాడ్యమి యే వారమున వచ్చునో ఆ వారాధిపతి రాజు. సూర్యుడు మేషమున ప్రవేశించు వారమునకు అధిపతి మంత్రి. 2024లో ఉగాది మంగళవారము వచ్చినది గనుక క్రోధినామ సంవత్సరమునకు కుజుడు రాజు; మేష సంక్రమణము శనివారము గనుక శని మంత్రి.

ఇచట ఒక విషయము గమనింపదగినది. కుజుడు రాజగుటకు ఆకాశమున కుజుడెచట నున్నాడను ప్రశ్న లేదు. ఆ దినమునకు మనుష్యులు పెట్టుకొన్న పేరే ఆధారము. ఏడు దినముల వారము మానవుని లెక్క. ఆ లెక్కనుండి వానను, పంటను, ధరను ఊహించుచున్నారు.

అట్లని గ్రహగతికి జీవితముతో సంబంధమే లేదనరాదు. సూర్యుని గతిని బట్టి కార్తెలు ఏర్పడినవి. రోహిణి కార్తె యెండను, మృగశిర కార్తె తొలకరిని మన రైతు తరతరములుగా ఎరుగును. సూర్యచంద్రుల ఆకర్షణచే సముద్రమునకు ఆటుపోట్లు కలుగును. అమావాస్యకును పూర్ణిమకును అవి హెచ్చును. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథమున గ్రహణములకు నీడయే కారణమని చెప్పెను. ఇవన్నియు కంటితో చూచి, లెక్కించి, మరల సరిచూచుకొనదగినవి. సిద్ధాంతస్కంధము యొక్క గొప్పతనము ఇదియే.

అష్టగ్రహ కూటమి

1962 ఫిబ్రవరి మొదటివారమున రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శనులు కేతువుతో కూడి మకరరాశిలో చేరిరి. ఆ నెల 5వ తేదీన సూర్యగ్రహణము కూడ సంభవించినది. ప్రళయము వచ్చునని, భూమి బ్రద్దలగునని దేశమంతటను ప్రచారము సాగెను. ఊరూర హోమములు, శాంతులు, అఖండ నామసంకీర్తనములు జరిగినవి. ఆ దినములు వచ్చినవి, గడచినవి. ప్రళయము రాలేదు.

శాంతులు చేసినందుననే ఉపద్రవము తప్పినదని కొందరనిరి. ఆ సంవత్సరము అక్టోబరులో చైనాతో యుద్ధము రాగా, అదియే కూటమి ఫలమని మరికొందరనిరి. కీడు జరిగినను శాస్త్రమే నిజము, జరుగకున్నను శాస్త్రమే నిజము అన్నచో ఆ మాటను పరీక్షించుటకు మార్గమేది? ఎన్నడును తప్పు కాజాలని జోస్యము ఎన్నడును మనలను హెచ్చరింపజాలదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. వేలమంది ప్రాణములు కోల్పోయిరి. ఆనాడు ఆకాశమున అష్టగ్రహ కూటమి యేదియు లేదు. అటుపిమ్మట తీరవాసులను కాపాడుచున్నవి గ్రహశాంతులు కావు. వాయుగుండమును ముందుగా కనుగొను యంత్రములు, సకాలమున అందిన హెచ్చరికలు, తుపాను ఆశ్రయ భవనములు.

సామాన్యమైన లెక్క

ఏ కాలమునందైనను 12 రాశులలో మూడింటివారికి ఏలినాటి శని నడుచుచుండును. అనగా మనుష్యులలో ఇంచుమించు నాలుగవవంతు. నూటనలువది కోట్ల జనులున్న దేశమున సుమారు ముప్పదియైదు కోట్లమందికి ఒక్కసారియే అరిష్టకాలము! వారిలో పెండ్లియైనవారు, ఉద్యోగము దొరికినవారు, బిడ్డలను కన్నవారు ఎందరో కలరు.

లగ్నమునకు 2, 4, 7, 8, 12 స్థానములలో కుజుడున్నచో కుజదోషమందురు. పండ్రెండింట అయిదు స్థానములు; అనగా నూటికి సుమారు నలుబదిమందికి పైగా ఈ దోషము గలవారే. ఇంతమందికున్న దానిని దోషమని యెట్లనవచ్చును? అయినను ఈ మాట చెప్పి ఎన్ని సంబంధములు వెనుకకు పోవుచున్నవి! మూలానక్షత్రమున పుట్టినదని ఎందరు కన్యలు తల్లిదండ్రుల యింట తలవంచుకొని కూర్చుండిరి! ఏ తప్పు చేయని బాలికకు పుట్టిన గడియయే శిక్షగుట ధర్మము కాదు.

పుణెలో ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్, ఆయన సహచరులు ఒక పరీక్ష జరిపి 2009లో ప్రకటించిరి. చదువులో మేటియైన పిల్లలవి నూరు జాతకములు, మానసిక వైకల్యము గల పిల్లలవి నూరు జాతకములు సేకరించిరి. ఒక్కొక్క జ్యోతిష్కునికి వానిలో నలువదింటినిచ్చి వేరుచేయుమని కోరిరి. 27 మంది సమాధానములు పంపిరి. సరియైనవి నూటికి 46 మాత్రమే. నాణెమును ఎగురవేసి చెప్పినను అంతకు తక్కువ కాదు.

శరణుల మార్గము

పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున బిజ్జలుని కొలువున నుండిన బసవేశ్వరుడు శుభముహూర్తము కొరకు సత్కార్యమును నిలుపుటను అంగీకరింపలేదు. శరణుడు వాకిట నిలిచినపుడు రాహుకాలమని తలుపు మూయుట భక్తి కాదు. అన్నార్తుడు వచ్చినపుడు వారము, వర్జ్యము చూచుట దాసోహము కాదు. అన్ని దినములును శివునివే యైనపుడు ఒక దినమును మంచిదని పూజించి, ఒక దినమును చెడ్డదని దూషించుట శివుని సృష్టిని దూషించుటయే యగును.

ఇష్టలింగమును కరతలమున ధరించినవానికి తనకును శివునికిని నడుమ మధ్యవర్తి యక్కరలేదు. గ్రహము మాత్రము మధ్యవర్తి యెట్లగును? కాయకమే కైలాసమని నమ్మిన శరణులలో పడవ నడిపిన అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య, బట్టలుతికిన మడివాళ మాచయ్య కలరు. వారి బ్రతుకునకు విలువ నిచ్చినది వారి జన్మలగ్నము కాదు. వారి చేతిపని, వారి నడవడి. పుట్టుకను బట్టి మనుష్యుని హెచ్చుతగ్గులు నిర్ణయింపరాదని కులవిషయమున చెప్పిన ధర్మము, పుట్టిన గడియను బట్టి నిర్ణయించుటను మాత్రమెట్లు ఒప్పుకొనును?

కావున పంచాంగమును పారవేయనక్కరలేదు. తిథిని, పండుగను, కార్తెను తెలిసికొనుటకు దానిని ఉంచుకొనవచ్చును. గడియారమును చూచినట్లు దానిని చూడవలెను. న్యాయాధిపతిని చూచినట్లు చూడరాదు. రోగము వచ్చినపుడు వైద్యుని, అప్పు పెరిగినపుడు ఖర్చును, తగవు వచ్చినపుడు తన మాటను ముందుగా పరిశీలించుకొనవలెను. పిల్లకు సంబంధము చూచునపుడు వరుని గుణమును, ఆరోగ్యమును, సంపాదనను, అన్నిటికంటె ముందుగా పిల్ల ఇష్టమును విచారింపవలెను.

శని ఎచట నున్నాడని అడుగుటకంటె తాను ఎచట నున్నానని అడుగుకొనువాడు సాధకుడు. ఆకాశమున గ్రహములు తమ మార్గమును తప్పక నడుచుచున్నవి. మనుష్యుడు తన మార్గమును తప్పకుండుటయే అతడు చేయవలసిన శాంతి.