ఉద్యోగం మారాలా, ఉండాలా? గీత 18వ అధ్యాయం నుంచి ఒక పాఠం

ఈ వారం వీడియోలో గీత 18వ అధ్యాయంలోని త్యాగం గురించి చెప్పుకున్నాం. టైము సరిపోక ఒక ముఖ్యమైన విషయం వదిలేశాను. అది ఇక్కడ రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

మా ఏ.ఎస్. రావు నగర్‌లో పొద్దున్న వాకింగ్‌కి వెళ్తే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. "వేరే కంపెనీలో ఆఫర్ వచ్చిందండీ, మారితే మంచిదేనా?" అని. కొందరైతే మంచి రోజు కూడా చూసి చెప్పమంటారు. నేను జాతకాలు చూసేవాణ్ణి కాదు. కానీ ఈ ప్రశ్న నన్ను రెండుసార్లు గట్టిగా తాకింది. మొదటిసారి తప్పు చేశాను. రెండోసారి గీత దగ్గర పెట్టుకుని ఆలోచించాను. ఆ రెండూ చెప్తాను.

మొదటిసారి: కోపంతో వదిలేశాను

నాది కాలిబ్రేషన్ పని. కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసే పని అన్నమాట. 2011లో ఒక సంస్థలో చేసేవాణ్ణి. ఒకరోజు మీటింగ్‌లో మేనేజర్ నా కింద పనిచేసే పిల్లల ముందు నన్ను ఒక మాట అన్నాడు. సాయంత్రానికి రాజీనామా ఇచ్చేశాను. ఇంట్లో చెప్పలేదు, అమ్మని అడగలేదు. ఇరవై రోజుల్లో ఇంకో చోట చేరాను. జీతం కొంచెం ఎక్కువే. "చూశారా, దేవుడున్నాడు" అని మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అక్కడి మేనేజర్ ఇంతకంటే గట్టివాడు. ఏడు నెలలకి ఆర్డర్లు తగ్గాయని కొత్తగా చేరినవాళ్ళని తీసేశారు. నాలుగు నెలలు జీతం లేదు. మా ఆవిడ చేతి గాజులు రెండూ గోల్డ్ లోన్‌లోకి వెళ్ళాయి. ఆవిడ ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గీత ఏమంటుంది?

ఆలోచించి చూడండి, గీత మొదలయ్యేదే ఒక మనిషి పని వదిలేస్తానన్న చోట. విల్లు కింద పెట్టేశాడు అర్జునుడు. ఈ యుద్ధం కంటే భిక్షమెత్తుకుని బతకడం మేలు అంటాడు రెండో అధ్యాయం 5వ శ్లోకంలో. వినడానికి ఎంత గొప్ప వైరాగ్యంలా ఉంటుందో! కానీ కృష్ణుడు దాన్ని వైరాగ్యంగా ఒప్పుకోలేదు. అది శోకం అన్నాడు, మనసు బలహీనత అన్నాడు.

18వ అధ్యాయానికి వచ్చేసరికి త్యాగాన్ని మూడు రకాలుగా విడదీశాడు. 7వ శ్లోకంలో మోహంతో, అంటే తెలివి కప్పుకుపోయి చేయవలసిన పనిని వదిలెయ్యడం తామసం. 8వ శ్లోకంలో కష్టంగా ఉందని, శరీరానికి శ్రమ అని భయపడి వదిలెయ్యడం రాజసం. అలా వదిలినవాడికి త్యాగఫలం దక్కదని అక్కడే చెప్పాడు. 9వ శ్లోకంలో చేయవలసింది చేస్తూ ఆసక్తినీ ఫలాన్నీ వదలడం సాత్త్వికం. మూడోదాంట్లో వదిలింది పనిని కాదండీ, పట్టుదలని. ఇది గమనించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. గీతలో కర్మ, స్వధర్మం అన్న మాటలకి "ఉద్యోగం" అని అర్థం కాదు. వాటి పరిధి చాలా పెద్దది. కానీ మనం రోజుకి తొమ్మిది గంటలు చేసే పనికి ఆ వెలుగు పడకపోతే ఇంక దేనికి పడుతుంది? అందుకని ఆ శ్లోకాల నుంచి నా కోసం మూడు ప్రశ్నలు రాసుకున్నాను.

ఒకటి: నేను దేని కోసం వెళ్తున్నాను, దేన్నుంచి పారిపోతున్నాను?

ఒక కాగితం మీద మారడానికి కారణాలన్నీ రాయండి. తర్వాత ఒక్కోదాని పక్కన "కోసం" అనో "నుంచి" అనో రాయండి. నా 2011 కారణాలు ఇప్పుడు రాస్తే అన్నీ "నుంచి" అనే వస్తాయి. ఆ మాట నుంచి, ఆ మనిషి నుంచి, ఆ అవమానం నుంచి. కొత్త చోట చేసే పని ఏమిటో కూడా నేను సరిగ్గా అడగలేదు.

రెండు: ఇది పొగా, నిప్పా?

18వ అధ్యాయం 48వ శ్లోకంలో చక్కని పోలిక ఉంది. నిప్పుని పొగ కప్పినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కప్పి ఉంటుందట. పై అధికారి చిరాకు, ఆలస్యంగా వచ్చే ప్రమోషను, పక్కవాడి రాజకీయం ఇవన్నీ పొగ. ఎక్కడికెళ్ళినా ఉంటుంది.

అయితే ఓర్చుకోవడమే భక్తి అని నేను చెప్పట్లేదు. జీతం నెలల తరబడి ఇవ్వట్లేదు, దొంగ లెక్కల మీద సంతకం పెట్టమంటున్నారు, ఒంటికి హాని చేసే పని రక్షణ లేకుండా చేయిస్తున్నారు, ఆడపిల్లకి అక్కడ గౌరవం లేదు. ఇది పొగ కాదు, ఇల్లే తగలబడుతోంది. అప్పుడు బయటికి రావడమే ధర్మం. భయంతో అక్కడే కూర్చుంటే అది కూడా మోహమే.

మూడు: కొత్త చోట నా పని నాకు ఉంటుందా?

3వ అధ్యాయం 35వ శ్లోకం అందరికీ తెలిసిందే. లోపాలున్నా సరే తన ధర్మమే మేలు అంటాడు. నా మట్టుకు నేను ఇలా అడుక్కుంటాను. కుర్చీ మారుతోంది, ఊరు మారుతోంది, సరే. నా చేతికి వచ్చిన పని మారుతోందా?

దీనికి మా కాలనీ పేరే ఒక పాఠం. ఈ పేరు ఎవరిదో మన పిల్లల్లో చాలామందికి తెలీదు. డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి అక్కడే పాఠాలు చెప్పారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి తిరిగి వచ్చి హోమీ భాభా దగ్గర చేరారు. ట్రాంబేలో అణుశక్తి పనికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు మన దేశంలోనే తయారుచేసే విభాగాన్ని నడిపారు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టే బాధ్యత ఆయనది. అప్పటికి ఆయన వయసు 52.

మనం ఆ వయసులో రిటైర్మెంట్ లెక్కలు వేసుకుంటాం. ఆయన బొంబాయి వదిలి, ప్రయోగశాల వదిలి, ఒక కొత్త కంపెనీ నడపడానికి వచ్చారు. శాస్త్రవేత్త అన్న కుర్చీ పోయి మేనేజింగ్ డైరెక్టర్ కుర్చీ వచ్చింది. కానీ పని చూడండి. మనకి కావలసిన ఎలక్ట్రానిక్స్ మనమే చేసుకోవాలన్న పని ట్రాంబేలోనూ అదే, ఇక్కడా అదే. ఆ సంస్థ తర్వాత కంప్యూటర్లు చేసింది, మనం ఓటేసే యంత్రాలు చేసింది. ఆ ఉద్యోగుల ఇళ్ళతోనే ఈ కాలనీ పెరిగింది.

దీనికి రెండో వైపు బమ్మెర పోతన గారు. భాగవతాన్ని రాజుకి అంకితమివ్వకుండా వ్యవసాయం చేసుకునే బతికాడని పెద్దలు చెప్పుకునే కథ మనకి తెలుసు. ఒకరు వెళ్ళారు, ఒకరు ఉండిపోయారు. వెళ్ళడం గొప్పా, ఉండడం గొప్పా అన్నది ప్రశ్నే కాదు. ఇద్దరూ తమ పనిని వదల్లేదు.

రెండోసారి: 2018

అప్పుడు నేను చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న యూనిట్‌లో ఉన్నాను. గచ్చిబౌలి నుంచి ఆఫర్ వచ్చింది. చేతికొచ్చే జీతం నెలకి 12,000 ఎక్కువ. ఇంట్లో అప్పటికే అమ్మకి డయాలసిస్, వారానికి మూడు సాయంత్రాలు. నేనే బండి మీద ఆటో స్టాండు దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో సెంటర్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. ఆ సమయంలో మా ఆవిడ ఇంట్లో ట్యూషన్లు చెప్పేది.

మూడు ప్రశ్నలూ వేసుకున్నాను. పారిపోతున్నానా? లేదు, డబ్బు కోసమే. ఉన్నచోట ఉన్నది పొగే, నిప్పు కాదు. మూడోదాని దగ్గర ఆగాను. కొత్త చోట పరికరం ముట్టుకునే పని లేదు. ఫోన్లు మాట్లాడి రిపోర్టులు పంపాలి.

తర్వాత లెక్క వేశాను. లెక్క వెయ్యడం భక్తికి తక్కువేం కాదండీ. మీరూ వెయ్యండి.

- దారి: ఈసీఐఎల్ నుంచి హబ్సిగూడ దాకా వెళ్ళి మెట్రో పట్టుకున్నా, నేరుగా బస్సెక్కినా రానూపోనూ నాకు మూడు గంటలు. నెలకి 22 రోజులంటే 66 గంటలు. 12,000ని 66తో భాగిస్తే గంటకి సుమారు 182 రూపాయలు. నా సాయంత్రాన్ని ఆ ధరకి అమ్ముతున్నాను.
- సీటీసీ: ఆఫర్ లెటర్‌లో కనిపించే అంకెలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఏడాది చివర ఇస్తే ఇచ్చే బోనస్ అన్నీ కలిపి ఉండొచ్చు. నెలకి చేతికెంత అని రాతపూర్వకంగా అడగండి.
- గ్రాట్యుటీ: పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్ళ నిరంతర సర్వీసు ఉండాలి. బేసిక్, డీఏ కలిపి 26,000 అయితే ఏడాదికి 15,000 చొప్పున ఐదేళ్ళకి 75,000. నాకప్పటికి నాలుగేళ్ళ రెండు నెలలే.
- పీఎఫ్: మారితే డబ్బు తీసెయ్యకండి, అదే యూఏఎన్ మీద కొత్త ఖాతాకి మార్చుకోండి. పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు లెక్క ఉంది.
- ఇన్సూరెన్స్: ఉన్న కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మ పేరుంది. కొత్తదాంట్లో భార్యాపిల్లలకే. డయాలసిస్ ఉన్న ఇంట్లో ఇదొక్కటే చాలు.

అమ్మకి చెప్పాను. "నా కోసం ఆగకురా నాన్నా. రేపు నన్నే అనుకుంటావు" అంది. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. నిజమే కదా? నేను ఉండిపోయి, తర్వాత ప్రతి చిరాకులోనూ "నీవల్లే" అని మనసులో అనుకుంటే అదెక్కడి సేవ? అప్పుడు నాలుగో ప్రశ్న రాసుకున్నాను. ఈ నిర్ణయం బెడిసికొడితే ఎవర్నీ నిందించకుండా మొయ్యగలనా? పొద్దున్న దీపం పెట్టి కూర్చుని ఆలోచించాను. మొయ్యగలననిపించింది. వాళ్ళకి రానని చెప్పేశాను.

తర్వాత ఏమైంది?

ఇక్కడ "అందుకని దేవుడు నాకు పెద్ద ప్రమోషన్ ఇచ్చాడు" అని రాస్తే బాగుండేది. అలా జరగలేదు. 2020 జనవరిలో అమ్మ వెళ్ళిపోయింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడాది చివరికి మా యూనిట్ మూతపడింది. 46 ఏళ్ళ వయసులో మళ్ళీ ఉద్యోగం వెతుక్కున్నాను. ఐదు నెలలు పట్టింది, జీతం కొంచెం తగ్గింది. గ్రాట్యుటీ డబ్బులతో ఆ ఐదు నెలలు గడిచాయి. గచ్చిబౌలి ఉద్యోగంలో నా బదులు చేరినాయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, బాగానే ఉన్నాడు. "ఆ రోజు వెళ్ళుంటే..." అని స్నేహితులు ఇప్పటికీ అంటారు.

2011లో ఇలాగే జీతం లేకుండా కూర్చున్నప్పుడు ఆ మేనేజర్ని తిట్టుకున్నాను, దేవుణ్ణి తిట్టుకున్నాను. ఈసారి ఎవర్నీ తిట్టుకోలేదు. రెండో అధ్యాయం 47వ శ్లోకం చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. పని మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు అని. దాని అర్థం నాకు అప్పుడు తెలిసింది. యూనిట్ మూతపడటం నా చేతిలో లేదు. ఏ కారణంతో ఉన్నానన్నది నా చేతిలో ఉంది. వారానికి మూడు సాయంత్రాల చొప్పున అమ్మ పక్కన ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఆ యంత్రం చప్పుడులో ఆవిడ చెప్పిన ఊరి కబుర్లు నాకు మిగిలాయి.

కాబట్టి ఇది మంచి మార్పేనా అని నన్ను అడిగితే నేను చెప్పలేను. ఆరు నెలల తర్వాత వచ్చే ఫలితం చూసి కూడా చెప్పలేను. మీ కారణాలు ఏమిటో మీరు నిజంగా రాసుకుంటే మీకే తెలుస్తుంది. నా కాగితం మీద "ఉండు" అని వచ్చింది. మీ కాగితం మీద "వెళ్ళు" అని రావచ్చు. వస్తే ధైర్యంగా వెళ్ళండి. వెళ్ళేముందు చేతిలో ఉన్న పని పూర్తిచేసి, నోటీసు పీరియడ్ సరిగ్గా ఇచ్చి, నలుగురితో మంచిగా చెప్పి రండి.

ఈ వారం సాధన

ఆఫర్ చేతిలో ఉన్నవాళ్ళు, లేకపోయినా మనసులో ఊగిసలాట ఉన్నవాళ్ళు, 18వ అధ్యాయం 7, 8, 9, 48 శ్లోకాలు తాత్పర్యంతో రోజూ ఒకసారి చదవండి. ఏడు రోజులు కాగితం మీద నాలుగు ప్రశ్నలకీ జవాబు రాయండి. మొదటి రోజు జవాబు, ఏడో రోజు జవాబు పక్కపక్కన పెట్టి చూడండి. కోపంలో ఉన్న రోజు మాత్రం రాజీనామా మెయిల్ పంపకండి. రాసి పెట్టుకోండి, పడుకోండి, పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టాక ఇంకోసారి చదవండి.

వచ్చే వారం ఇదే అధ్యాయంలో బుద్ధి మూడు రకాలని చెప్పే శ్లోకాలు చూద్దాం. అందరికీ మేలు జరగాలి. సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.