కుట్టిన నావ

పడవ నిర్మాణమనగానే మనకు మేకులు, సుత్తి, దూలములు స్ఫురించును. కాని పడవను వస్త్రమువలె కుట్టవచ్చునని తెలుగు తీరమువారు ఏనాడో ఎరుగుదురు. కోరమాండల్ తీరమునందలి మసూలా పడవల పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. మేకులు లేని ఆ పడవ అలల తాకిడికి కొంత వంగి, బ్రద్దలు గాక నిలిచెడిది.

ఇంటివద్ద తయారుచేసుకొను కొయ్య కయాకు ఈ విద్యకు దగ్గరి చుట్టము. కయాకు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ జనుల వేటనావ. వారు కొయ్యచట్రముపై సీలు చర్మము కప్పెడివారు. 1960 తరువాత ఇంగ్లండునందు ప్లైవుడ్ పలకలను రాగితీగతో కుట్టి అతికించు పద్ధతి వ్యాపించెను. 1963లో వెలువడిన మిర్రర్ అను చిన్న తెరచాప పడవను ఈ రీతినే వేలాది జనులు తమ ఇండ్లలో నిర్మించుకొనిరి.

నిర్మాణక్రమము ఇట్లుండును. కత్తిరించిన పలకలు పెట్టెలో వచ్చును. వాని అంచులను రాగితీగతో కుట్టగా, చదునైన పలకలు వంపు తిరిగి నావ రూపము దాల్చును. అప్పుడు మెలిక లేదని సరిచూడవలెను. జిగురు గట్టిపడిన పిమ్మట దానిని సవరించుట కష్టము. తరువాత కీళ్ళయందు కొయ్యపొడి కలిపిన ఎపాక్సీ జిగురు నింపి, గాజునార పట్టీ పరచవలెను. జిగురు గట్టిపడగా తీగలను తీసివేయుదురు. మసూలా పడవకు కుట్టే ప్రాణము; ఇందు కుట్టు జిగురు పట్టువరకే.

సామాన్యమైన ప్లైవుడ్ నీట నానిన పొరలు విడిపోవును. కావున భారతీయ ప్రమాణము 710 ముద్రగల మెరైన్ ప్లైవుడ్‌నే కొనవలెను. ఎపాక్సీని తయారీదారు చెప్పిన పాళ్ళలోనే కలుపవలెను. ఎక్కువ మొత్తము ఒకే గిన్నెలో కలిపిన అది వేడెక్కి పాడగును. చేతితొడుగులు ధరించి, గాలి ఆడుచోట పెద్దలే ఈ పని చేయవలెను.

ఇంత వ్యయము అందరికిని సాధ్యము కాదు. కాని దళసరి కాగితమున వంకర అంచుగల రెండు సమానమైన ముక్కలు కత్తిరించి, ఆ అంచులను దారముతో కుట్టి, నడుమ ఒక పుల్ల నిలిపి చూడుడు. చదునైనది నావగా మారు రహస్యము బిడ్డకు తన చేతనే తెలియును.

ఆ వేళ బిడ్డతో తెలుగున మాటలాడుడు. నావ ముందుభాగము అణియము, వెనుకభాగము అమరము. తెడ్డు, చుక్కాని, లంగరు. సముద్రము లేని బెంగుళూరునందు పెరుగు మన పిల్లలకు ఈ మాటలు వీధిలో వినబడవు. ఇంట మనము పలుకనిచో వారికి అవి ఇక లేనట్లే. చేతితో పట్టిన వస్తువు పేరు చిరకాలము జ్ఞాపకముండును.

చివరగా ఒక మాట. ఈత నేర్వక, ప్రాణరక్షక కవచము ధరింపక, పెద్దల తోడు లేక ఏ చెరువునందును బిడ్డను నావ ఎక్కనీయరాదు. నావ చెడినచో మరల కుట్టుకొనవచ్చును.