రాత్రి భోజనం: ఇంట్లో రోగి ఉన్నప్పుడు ఏం వండాలి?

డిశ్చార్జి చీటీ చేతికిచ్చి, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చెప్పడం అయిపోయాక గద్వాల నుంచి వచ్చినవారైనా, వనపర్తి వారైనా, నాగర్‌కర్నూల్ వారైనా చివరికి అడిగే ప్రశ్న ఒకటే: "సిస్టరమ్మా, రాత్రికి ఏం పెట్టాలె?" అడగడం మంచిదే. పొద్దున చాయ తాగి, మధ్యాహ్నం చేను దగ్గర డబ్బాలో తెచ్చుకున్నది తినే మన ఇళ్ళలో, పొయ్యి వెలిగించి వేడిగా వండుకుని అందరూ కలిసి తినేది రాత్రి పూటే. రోగి బాగుపడటం, పడకపోవడం చాలావరకు ఆ ఒక్క పూట మీద ఆధారపడి ఉంటుంది.

మన పెద్దలు రాత్రికి జొన్నరొట్టె, జొన్న గట్క, కొర్రబువ్వ, రాగి సంగటి తిన్నారు. వరి అన్నం పండుగకు, చుట్టాలు వచ్చినప్పుడు. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. 1995లో జూరాల ప్రాజెక్టు ప్రారంభమైంది. తర్వాత కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు నాగర్‌కర్నూల్ వైపు పారాయి. జొన్న చేలు వరి మడులయ్యాయి. 2025 నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఆకలితో పడుకునే రోజులు పోవడం చిన్న విషయం కాదు. అన్నాన్ని నేను తప్పు పట్టను. కాని కంచం నిండా అన్నం, పక్కన ఇంత తొక్కు, పైన ఇన్ని చారు నీళ్ళు పోసుకుని "తిన్నాం" అనుకోవడమే రోగికి చేటు. 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అందులో దాదాపు 700 కాలరీల శక్తి ఉంటుంది గాని, మాంసకృత్తులు 16 గ్రాములే. పుండు మానాలన్నా, రక్తం పట్టాలన్నా అది ఏ మూలకూ చాలదు.

పథ్యం పేరుతో పస్తులు

ఈ విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. ఆపరేషన్ అయినవారికి పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు పెడితే కుట్లు మానవని, వంకాయ, పెరుగు, పుంటికూర అసలే కూడదని ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతారు. బాలింతకైతే నెలల తరబడి అన్నంలో ఎల్లిపాయ కారమే. అమ్మమ్మలకు ప్రేమ లేక కాదు, భయంతోనే అలా చెబుతారు. కాని పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము పట్టేది పుండులోకి సూక్ష్మక్రిములు చేరినందువల్ల. మురికి చేతులతో ముట్టుకోవడం, కట్టు తడవడం, షుగరు అదుపులో లేకపోవడం, ఇవీ కారణాలు. తెగిన కండ, చర్మం తిరిగి అతుక్కోవడానికి శరీరానికి కావలసిన ముడిసరుకు మాంసకృత్తులే. అవి పప్పులో, గుడ్డులో, పాలలో, చేపలో, మాంసంలో ఉన్నాయి. వాటినే మాన్పించి పుండు ఎందుకు మానడం లేదని అడిగితే ఏం చెప్పగలం?

కాబట్టి డాక్టరుగారు మామూలు భోజనం పెట్టవచ్చని చెప్పిన రోజు నుంచే రాత్రి కంచంలో గట్టి పప్పు ఒక గిన్నెడు ఉండాలి. పప్పుచారు అంటే పైపైన నీళ్ళు కాదు, అడుగున ఉన్న పప్పు. మనిషికి పిడికెడు కందిపప్పు, అంటే సుమారు 30 గ్రాములు వేసి వండితే 6, 7 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. ఒక గుడ్డు అంతే ఇస్తుంది. బాలింతకు ఇవి మరీ ముఖ్యం, ఎందుకంటే ఆమె తన కోసమే కాక బిడ్డ పాల కోసం కూడా తినాలి. కారం తగ్గించండి, నూనె తగ్గించండి, అది నిజమైన పథ్యం.

క్షయ మందులు వాడుతున్నవారికీ ఇదే మాట. వారి పోషణ కోసం ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేసే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు చేశారు. ఆ డబ్బు గుడ్లకు, పప్పుకు, పల్లీలకు ఖర్చు పెట్టండి. డబ్బాలో అమ్మే ఖరీదైన పొడులు కొనాలని ఎవరైనా చెబితే ముందు డాక్టరుగారిని అడగండి.

జొన్నరొట్టె మందు కాదు, మంచి తిండి

షుగరు ఉన్నవారి ఇంట్లో ఇప్పుడు మళ్ళీ రొట్టెల చప్పుడు వినిపిస్తోంది. సంతోషమే. 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములుంటే, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపే. ఇనుము కూడా జొన్నల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. నమిలి తినాలి కాబట్టి కడుపు త్వరగా నిండుతుంది. అయితే "రొట్టె తింటే షుగరు పోతుంది" అని ఐదారు రొట్టెలు తినేవారున్నారు. జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువ. రెండు రొట్టెలు, ఒక గిన్నె పప్పు, కంచంలో సగం కూరగాయలు, ఇది చాలామందికి సరిపోయే లెక్క. గద్వాల అంచున రాయచూరు వైపు ఊళ్ళలో రొట్టెలోకి నూనె తేలే గుత్తివంకాయ వండుతారు. రుచి అద్భుతం, కాదనను. ఇంట్లో గుండె జబ్బు, షుగరు ఉన్నవారుంటే నూనె చెంచాతో కొలిచి వేయండి, సీసా వంచి పోయకండి.

రాగి జావ సంగతి కూడా చెప్పాలి. షుగరుకు మంచిదని పలుచగా కాచి రాత్రి రెండు గ్లాసులు తాగించి పడుకోబెడుతున్నారు. పలుచని జావ త్వరగా అరిగి రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. దానికి బదులు చిన్న ముద్ద సంగటి, పప్పుతో, ఆకుకూరతో పెట్టండి. ఎముకలు బలహీనంగా ఉన్నవారికి రాగులు చాలా మేలు, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

పండ్లు లేని ముసలివారు రొట్టె నమలలేరు. "మా నాయిన రొట్టె తినడు సిస్టరమ్మా" అని అన్నానికి మారిపోకండి. వేడి పప్పులో రొట్టె తుంచి వేసి పావుగంట మూత పెట్టండి, మెత్తబడుతుంది. లేదా జొన్న రవ్వతో గట్క వండండి. కొత్తగా చేసే కోడళ్ళకు ఒక మాట: పిండి పాతదైతే రొట్టె విరుగుతుంది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోండి. మరిగే నీళ్ళు పోసి కలిపితేనే పిండికి జిగురు వస్తుంది.

జొన్న ఒక్కదాన్నే నమ్ముకున్నా ప్రమాదమే. పప్పు, పాలు, మాంసం ఏమీ లేక జొన్నలు మాత్రమే తిని బతికిన పేదవారిలో మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతిమరుపు వచ్చే పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థలో, డాక్టర్ సి. గోపాలన్ గారు 1960 ప్రాంతంలో దీన్ని లోతుగా పరిశీలించారు. దానికి విరుగుడు మన చేలల్లోనే ఉంది. ఆ జబ్బును ఆపే నియాసిన్ అనే విటమిన్ పల్లీల్లో మెండు. రొట్టెలోకి పల్లి చట్నీ నూరుకోవడం అందుకే మంచి అలవాటు. గుప్పెడు, 30 గ్రాముల పల్లీల్లో 7 గ్రాముల మాంసకృత్తులున్నాయి.

ఒక జాగ్రత్త. మంచి కాయ మార్కెట్టుకు, ముడుచుకున్నవి, నల్లబడినవి ఇంటికి అనే పద్ధతి మానండి. బూజు పట్టిన పల్లీల్లో కాలేయాన్ని పాడుచేసే విషం ఉంటుంది. వేయించినా అది పూర్తిగా పోదు. ఏరి పారేయండి. పశువులకు కూడా పెట్టవద్దు.

ఉప్పు, తొక్కు, సూది

బీపీ ఉన్నవారు రోజు మొత్తంలో తినవలసిన ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడు. మామిడికాయ తొక్కు రెండు ముద్దలకు కలుపుకుంటే అందులో చాలా భాగం అక్కడే అయిపోతుంది. నోరు చప్పబడితే పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ, ఉప్పు తగ్గించిన పచ్చి పులుసు వాడండి. నిమ్మకాయతో ఇంకో లాభం ఉంది. ఆకుకూరలో, జొన్నలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి అది తోడ్పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ తాగితే మాత్రం ఆ ఇనుము పట్టదు. గంటైనా ఆగండి.

ఇన్సులిన్ తీసుకునేవారి ఇంట్లో అందరూ తెలుసుకోవలసింది ఇది. పొలం నుంచి కోడలు ఆలస్యంగా వస్తుంది. ఏడున్నరకు పెద్దాయన సూది వేసుకుంటాడు. వంట అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. ఈలోగా చెమటలు, వణుకు, తికమక మాటలు. తాగాడేమో అనుకుని పడుకోబెడతారు. చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వంట దించాకే సూది వేయండి. ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి.

రాత్రి అన్నానికి ముందు కల్లు తాగే అలవాటున్నవారి గురించి బంధువులు మా దగ్గర దాస్తారు. దాచకండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతుంటారు. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో చేర్చగానే అది ఒక్కసారిగా ఆగిపోయి రెండు మూడు రోజుల్లో వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్ రావచ్చు. ముందే చెబితే డాక్టరుగారు తగిన మందు ఇస్తారు. మేము తిట్టము.

చివరగా తినే మనిషి

రోగి ఎవరైనా, కంచం పెట్టేది ఇంటి ఆడమనిషే. మొగవాళ్ళు, పిల్లలు తిన్నాక అడుగున మిగిలిన అన్నం, చారు ఆమెకు. పప్పు అప్పటికే అయిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగం కంటే ఎక్కువమంది స్త్రీలకు రక్తహీనత ఉన్నట్టు తేలింది. మీ ఇంట్లో రోగిని చూసుకునే ఆమె కళ్ళు తిరిగి పడిపోతే ఆ రోగిని ఎవరు చూస్తారు? వంట కాగానే ఆమె గిన్నె పప్పు, ఆకుకూర ముందే తీసి మూత పెట్టండి. అత్తగారు తీసి పెడితే ఇంకా మంచిది, కోడలు తనకు తాను తీసుకోదు.

ఆసుపత్రికి ఊరి నుంచి భోజనం తెచ్చేవారు బస్సులో రెండు మూడు గంటలు ప్రయాణం చేస్తారు. ఎండాకాలం పెరుగన్నం, కొబ్బరి పచ్చడి దారిలోనే చెడిపోతాయి. రొట్టెలు, పల్లీల పొడి, విడిగా ఉడికించిన గుడ్లు పొట్టు తీయకుండా తెండి. గుడ్లు ఆ పూటకే. పప్పు, పాలు ఆసుపత్రి దగ్గరే వేడిగా తీసుకోండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పైన చెప్పిన పప్పు, పల్లీలు, ఆకుకూరల కొలతలు వర్తించవు. వారికి కొన్ని తగ్గించాలి, కూరగాయలు ఉడికించిన నీళ్ళు పారబోయాలి. ఇది రక్తపరీక్ష రిపోర్టును బట్టి మారుతుంది. రిపోర్టు తెచ్చుకుని డాక్టరుగారి దగ్గరకు వచ్చేటప్పుడు ఇంట్లో వండే మనిషిని కూడా వెంట తీసుకురండి.