ఇంటి కుండ, ఇంటి లెక్క

పఠన భాగము: రెండవ రాజులు 4వ అధ్యాయము, 1 నుండి 7 వచనములు



ఈ నెల మనము ధ్యానించు భాగము ఏడు వచనముల చిన్న కథ. దీనిని ఒక అద్భుతకార్యముగా అనేక పర్యాయములు విని యున్నాము. అయితే దీనిని ఒక ఇంటి జమాఖర్చుల పుస్తకముగా కూడ చదువవచ్చును. పొలమునుండి వచ్చి పొయ్యి వెలిగించు తల్లులును, వారాంతమున కూలి డబ్బులు లెక్కపెట్టుకొను తండ్రులును దీనిలో తమ ఇంటినే చూడగలరు.

ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అతడు భక్తిపరుడు. అయినను అప్పు మిగిల్చి పోయెను. భక్తిగల ఇంటికి అప్పు రాదని ఎవరైన చెప్పినయెడల ఈ మొదటి వచనము వారికి చూపవలెను. అప్పులవాడు ఆ విధవరాలి ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొని పోవుటకు వచ్చి యుండెను. ఇది పూర్వకాలపు సంగతి యని తలంపకుడి. వెట్టిచాకిరిని మన దేశమందు 1976లోనే చట్టము నిషేధించినది. అయినను ఇంటి అప్పు తీర్చుటకై బడి మాని పత్తి తీయుటకు, మిరపకాయలు కోయుటకు పోవు పిల్లలను మన పల్లెలలో ఎరుగనివారెవరు? నోటు మీద తండ్రి వ్రేలిముద్ర యుండును. తీర్చునది పిల్లవాని పుస్తకముల సంచి.

ఎలీషా ఆమెకు ఏమి చేయగలనని అడిగి, వెంటనే ఇంటిలో ఉన్నదేమో చెప్పుమనెను. ఆమె ఏమియు లేదనెను. ఆ మాట వెంబడే నూనె కొంచెము ఉన్నదనెను. లేదని చెప్పిన తరువాత గదా జ్ఞాపకము వచ్చినది! మేము ఇండ్లు దర్శించునప్పుడు ఇట్టి మాటనే తరచు విందుము. "ఏమీ లేదు అయ్యగారూ" అందురు. కాసేపు కూర్చున్నయెడల దొడ్డిలో మునగచెట్టు కనబడును, పందిరిమీద సొరతీగె కనబడును, అటకమీద ఏడాదికి సరిపడు చింతపండు కనబడును. మునగాకు కోయువారు లేక పండి రాలిపోవుచుండును; ఇంటిలో వారు సంతలో వాడిపోయిన కూరగాయలు కొనుచుందురు.

బియ్యపు సంగతియు అట్టిదే. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చినప్పుడు మన పెద్దలు ఎంత సంతోషించిరో వారినే అడుగుడి. 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద కార్డుగల ఇంట మనిషికి నెలకు 5 కిలోలు ఏర్పాటైనవి. 2023 జనవరి నుండి వాటికి వెల కూడ లేదు. అయిదుగురున్న ఇంటికి 25 కిలోలు. దినమునకు రెండు కిలోలు వండు ఇంటికి అవి పండ్రెండు దినములు దాటి వచ్చును. అయినను ఈ బియ్యము ముతకయని తక్కువ ధరకు అమ్మివేసి, సన్నబియ్యము అరువు తెచ్చుకొను ఇండ్లున్నవి. తెలంగాణ ప్రాంతమున 2025 ఏప్రిల్ నుండి సన్నబియ్యమే ఇచ్చుచున్నారు గనుక అక్కడివారికి ఈ సాకు లేదు. ముతక బియ్యమైనను దోసెపిండికి, ఉప్పుడుపిండికి మేలైనది. ఇక వార్చి గంజి పారబోయువారు దానితోకూడ బలమును పారబోయుచున్నారు. అత్తెసరు పెట్టుడి, లేనియెడల గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి పిల్లలకు త్రాగనిండి.

వంట తేలికగా నుండవలెననుట సోమరితనము కాదు. దినమంతయు వంగి నాట్లు వేసి వచ్చిన స్త్రీ రాత్రి మూడు కూరలు వండవలెనని ఏ లేఖనములోను లేదు. పెసరపప్పును బియ్యమును కలిపి ఒకే కుండలో వండిన పులగము చాలును. కందిపప్పయినయెడల అరగంట ముందు నానబెట్టి, మూతపెట్టి ఉడికించవలెను; ఉడికిన తరువాతనే చింతపులుసు పోయవలెను. ముందుగా పోసినయెడల పప్పు గట్టిపడి, గ్యాసో కట్టెలో వృథాగా ఖర్చగును. పప్పులో గుప్పెడు తోటకూర గాని మునగాకు గాని వేసి, దించిన తరువాత నిమ్మకాయ పిండినయెడల ఆకులోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును. అన్నము తినిన వెంటనే టీ త్రాగినయెడల ఆ మేలు తగ్గిపోవును. (యాకోబు ఏశావునకు పెట్టిన వంటకమును మన తెలుగు బైబిలులో చిక్కుడుకాయలని తర్జుమా చేసిరి గాని హెబ్రీ మాటకు అర్థము మసూరుపప్పు వంటి పప్పు. జ్యేష్ఠత్వమును అమ్ముకొనుట తప్పే, పప్పు మాత్రము మంచిది!)

చిల్లర ఖర్చు ఒకటి చూపుదుము. ఇద్దరు పిల్లలకు దినమునకు చెరియొక 10 రూపాయల చిప్సు పొట్లము కొనియిచ్చు ఇంట నెలకు 600 రూపాయలగును. కందిపప్పు కిలో 150 అనుకొన్నను నాలుగు కిలోలు వచ్చును. అనగా ఇంటిల్లిపాదికి దినమునకు 130 గ్రాములకు పైగా పప్పు. పిల్లలు ఏడ్చుదురని తల్లులు చెప్పుదురు. నిజమే, ఏడ్చుదురు. వేయించిన శనగలు, బెల్లపుముక్క చేతిలో పెట్టి చూడుడి. మొదటి వారము కష్టముగానే యుండును.

ఇప్పుడు కథకు వత్తము. ఆ విధవరాలు పొరుగిండ్లనుండి ఎరువు తెచ్చినది ఒట్టి పాత్రలు. డబ్బు కాదు. ఇది గమనింపదగినది. గుండిగలు, గంగాళములు, కుట్టుమిషను, ఒక పూట సహాయము, ఇవి ఇచ్చి పుచ్చుకొనుటకు వడ్డీ లేదు. డబ్బుకు ఉన్నది. నూటికి మూడు రూపాయల వడ్డీ యన్నప్పుడు అది చిన్నదిగా వినబడును. సంవత్సరమునకు నూటికి 36 రూపాయలు. 10,000 తెచ్చినవాడు ఏడాది గడిచినప్పటికి 3,600 వడ్డీయే కట్టి, అసలు తాకకుండ నిలుచును. పెండ్లికి, క్రిస్మసు బట్టలకు ఇట్టి అప్పు చేయుట ఎంతమాత్రము తగదని మా అభిప్రాయము. వైద్యమునకు, విత్తనములకు తప్పనప్పుడు పొదుపు సంఘములో తక్కువ వడ్డీకి దొరకునేమో ముందు అడుగవలెను. ఒక వారపు కిస్తీ కట్టుటకు మరియొకచోట కిస్తీ ఎత్తువారు మాత్రము ఆలస్యము చేయక తమ పెద్దలతో చెప్పుకొనవలెను. సిగ్గుపడి దాచిన అప్పు పెరుగును.

తరువాత ఆమె తలుపు మూసికొని కుమారులతో కలిసి నూనె పోసెను. వారు పాత్రలందించిరి, ఆమె పోసెను. మన ఇండ్లలో లెక్క ఎక్కడ జరుగుచున్నది? భర్త లెక్క టీ అంగడిలో, భార్య లెక్క బావి దగ్గర. ఇద్దరి లెక్కలు ఒకచోట కలియవు గనుకనే కలహము. వారమునకొక రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన వెంటనే తలుపు వేసికొని, నోటు పుస్తకము తెరచి, ఒకవైపు వచ్చినది, ఒకవైపు పోయినది వ్రాయుడి. వ్రాయనేర్చిన పిల్లచేత వ్రాయించుడి. మద్యమునకైన ఖర్చు కూడ వ్రాయవలెను. దానిని బిడ్డచేత వ్రాయించుటకు ఏ తండ్రికి మనసొప్పును?

నూనె అమ్మి ముందుగా అప్పు తీర్చి, మిగిలిన దానితో తానును తన పిల్లలును బ్రదుకవలెనని ప్రవక్త చెప్పెను. పిల్లలతోపాటు తల్లిని కూడ లెక్కలో చేర్చెను. మన ఇండ్లలో తల్లి అందరి తరువాత తినును. కుండలో మిగిలినది తినును. కొన్ని రాత్రులు ఏమియు మిగులదు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్ర, తెలంగాణ రెండిట సగముకంటె ఎక్కువమంది స్త్రీలు రక్తహీనులని తేలినది. కావున గుడ్లు ఇంటివారికి చాలినన్ని లేనప్పుడు మగవారికే పెట్టుట మానుడి. వడ్డించినప్పుడే తల్లి కంచము కూడ పెట్టి, అందరును కలిసి కూర్చుండి భోజనము చేయుడి.

ఆదివారపు మాంసము కూర వలన ఆరాధనకు సగము అయిన తరువాత వచ్చు అక్కలు, చెల్లెండ్రు మన సంఘములో పలువురున్నారు. వారిని మార్తలని గద్దించుట మాకిష్టము లేదు. మార్త ఒంటరిగా పనిచేసెను, అదే ఆమె బాధ. శనివారము రాత్రి పులుసు కాచి యుంచినయెడల మరునాటికి రుచి హెచ్చును. లేదా మగవారు ఒక చేయి వేయవచ్చును. యోహాను 21వ అధ్యాయములో పునరుత్థానుడైన ప్రభువు తానే దరిని నిప్పులు చేసి, చేపలు కాల్చి, రాత్రంతయు కష్టపడిన శిష్యులను భోజనమునకు పిలిచెను. మగవారి కూటములో ఈ భాగము చదివినప్పుడు ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, ప్రభువు చేసినది చేపలు గదా, పప్పు కాదు గదా" అనెను. చేపలైనను సరే, ఆయన వండినయెడల మేము భోజనమునకు వత్తుమని చెప్పితిమి. ఇంకను కబురు రాలేదు.